మతం: బడి గోడ మీద ఒక మాట

ఎన్నికల రోజున మా పావగడ తాలూకాలో ఊరి బడి మతగట్టె అవుతుంది. ముందురోజు సాయంత్రమే పెట్టెలతో సిబ్బంది దిగుతారు. తలుపు పక్కన గోడకు ఒక కాగితం అంటిస్తారు. దాని మీద కన్నడ అక్షరాల్లో 'మతగట్టె' అని, కింద ఒక సంఖ్య. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం నేర్చుకుంటూ పెరిగిన పిల్లవాడిగా ఆ మాటను నేను మొదటిసారి కూడబలుక్కొని చదివినప్పుడు నాకు అర్థమైంది మతం, కట్ట. మతానికి కట్టిన కట్ట. రోజూ మేము లెక్కలు చేసే గదిలో ఆ పొద్దు ఏదో పూజ జరగబోతుందనుకున్నాను. లోపలికి పోయినవాళ్లు వేలికి సిరా చుక్కతో బయటికి వచ్చినారు. కుంకుమ నుదుటికి పెడతారు కదా, వీళ్లు వేలికెందుకు పెట్టినారని అమ్మనడిగాను. "ఓటేసి వచ్చినామురా" అంది.

ఆ రోజు మొదలు ఈ మాట నన్ను విడవలేదు. ఇంట్లో మతం అంటే హిందువులు, ముస్లింలు, క్రైస్తవులు. బడి గోడ మీద మత అంటే ఓటు. రెండూ ఒకే రెండక్షరాలు. ఒకటి పుట్టుకతో వచ్చేది, ఇంకొకటి ఐదేళ్లకొకసారి ఎవరిష్టం వచ్చినట్లు వాళ్లు ఇచ్చేది. ఇంత దూరమున్న రెండు అర్థాలు ఒకే మాటలో ఎట్లా ఇమిడినాయి?

ఈ ప్రశ్న పుట్టడానికి మా తాలూకా సరైన చోటే. పావగడ కర్ణాటకలో తుమకూరు జిల్లాకు చెందింది. కానీ జిల్లాలోని మిగతా తాలూకాలతో మాకు నేల కలవదు. మడకశిర, రొద్దం, రామగిరి, కళ్యాణదుర్గం వైపు ఆంధ్ర మమ్మల్ని చుట్టుకొని ఉంటుంది. పడమట ఒక్క పక్కనే కర్ణాటకతో అతుకు. బస్సు బోర్డు కన్నడం, బస్సులో మాట తెలుగు. టీ అంగడిలో రెండు భాషల పేపర్లూ ఉంటాయి. ఒకే వార్తను ఒక పేపరు 'మతదాన' అంటుంది, ఇంకొకటి 'పోలింగ్' అంటుంది. రెండూ చదివేవాడికి తన భాషలోని మాట పక్క భాషలో ఏం పని చేస్తున్నదో కనబడుతుంది. అలా చూడగా చూడగా నాకు తెలిసింది ఒకటే: కన్నడం ఈ మాట పాత అర్థాన్ని కాపాడింది. తెలుగు దాన్ని చాలావరకు పోగొట్టుకుంది.

మతం సంస్కృత పదం. ధాతువు 'మన్', అనుకోవడం, తలపోయడం. మనస్సు, మతి, మంత్రం, మననం అన్నీ దాని పిల్లలే. ఆ ధాతువుకు 'త' ప్రత్యయం చేరితే 'మత' అవుతుంది. అనుకోబడినది అని అర్థం. వ్యాఖ్యాతలు 'అది వారి మతం, ఇది మా మతం' అన్నప్పుడు వాళ్లు చెప్పింది దేవుళ్ల గురించి కాదు. ఒక శ్లోకానికి అర్థం ఇట్లా అనుకుంటున్నామని, ఒక సూత్రాన్ని ఇట్లా విప్పుకుంటున్నామని. అద్వైత మతం, ద్వైత మతం అన్నవి కూడా మొదట తీర్మానాలు, వాదించి నిలబెట్టుకున్న ఆలోచనలు. వాదంలో ఓడితే మతం మార్చుకోవాలి. ఆ మాటకు మొదట్లో అంత కదలిక ఉండేది.

ఇక్కడ వ్యాకరణంలో ఒక చిన్న విశేషం ఉంది. నాకది పెద్ద విశేషం. 'త' ప్రత్యయం మామూలుగా జరిగిపోయిన పనిని చెబుతుంది. గతం అంటే పోయినది, కృతం అంటే చేసినది, మృతం అంటే చచ్చినది. అయితే పాణిని మూడో అధ్యాయం రెండో పాదంలో 188వ సూత్రంతో కొన్ని ధాతువులను వేరు చేశాడు. తలచడం, తెలుసుకోవడం, పూజించడం అనే అర్థాలున్న ధాతువుల మీద ఈ ప్రత్యయం వర్తమాన కాలాన్ని చెబుతుందన్నాడు. అంటే 'గతం' గడిచిపోయినదే గానీ 'మతం' గడిచిపోయినది కాదు. ఇప్పుడు అనుకుంటున్నది. అనుకునేవాడు షష్ఠీ విభక్తిలో వస్తాడు: నా మతం, నీ మతం, రాజుల మతం. ఇప్పుడు, ఈ మనిషి, అనుకుంటున్నది. ఆ మాట రూపంలోనే ఈ మూడూ ఉన్నాయి.

ప్రజాభిప్రాయానికి ఇంతకన్నా మంచి నిర్వచనం నేనెక్కడా చదవలేదు.

కన్నడం ఈ అర్థాన్ని పట్టుకొని ప్రజాస్వామ్యపు మాటలన్నీ అల్లుకుంది. ఓటు వేయడం మతదాన. ఓటరు మతదార. ఓట్ల పెట్టె మతపెట్టిగె. ప్రజాభిప్రాయ సేకరణ జనమతగణనె. అందరూ ఒక్క మాట మీదికి రావడం ఒమ్మత. ఎక్కువమంది అనుకున్నది బహుమత. 224 స్థానాల కర్ణాటక శాసనసభలో 113 వస్తే బహుమత. తెలుగులో మనం బహుమతి అంటాం, పిల్లవాడు పరుగుపందెంలో గెలిచి తెచ్చుకునేది. సంస్కృతంలో బహుమతం అంటే గొప్పగా ఎంచబడినది. మన బహుమతిలో ఆ ఎన్నిక, ఆ మన్నన మిగిలింది. కన్నడ బహుమతలో తలల లెక్క చేరింది. నలుగురు గొప్పగా అనుకోవడం, ఎక్కువమంది అనుకోవడం ఒకటి కావని ఈ రెండు మాటలను పక్కపక్కన పెడితే తెలుస్తుంది. సర్వే అంకెలు చదివేటప్పుడు ఈ తేడా మరిచిపోకూడదు.

మనం ఓటు అన్నాం. అది ఇంగ్లీషులోంచి వచ్చింది, ఇంగ్లీషుకు లాటిన్ 'వోటుమ్' నుంచి. వోటుమ్ అంటే మొక్కు, దేవుడికి చేసుకున్న మాట. పోలింగ్ అన్నాం. 'పోల్' అంటే ఒకప్పటి ఇంగ్లీషులో తల. మొక్కు గుడిలోంచి బయలుదేరి ఎన్నికల పెట్టెలో పడింది. మన మతం ఆలోచనలోంచి బయలుదేరి గుడికి, మసీదుకు, చర్చికి చేరి అక్కడే ఉండిపోయింది. జనాభా లెక్కల కాగితంలో అది ఒక గడి అయింది. గడిలో పడినాక కదలిక పోయింది. అడిగేవాడు అడుగుతాడు, చెప్పేవాడు తండ్రిది చెబుతాడు. 'ఇప్పుడు అనుకుంటున్నది' అన్న మాట 'ఎప్పుడో నిర్ణయమైపోయినది' అన్న అర్థానికి వచ్చింది.

అయినా తెలుగులో పాత అర్థం పూర్తిగా చావలేదు. అభిమతం, సమ్మతం, అనుమతి, ఐకమత్యం మాటల్లో అది బతికే ఉంది. సమ్మతం అంటే కలిసి అనుకున్నది. మా తాలూకాలో ఈ మాటకు ఒక పెద్ద పరీక్ష జరిగింది. తిరుమణి చుట్టుపక్కల ఐదు ఊళ్లలో సుమారు 13,000 ఎకరాల్లో 2,050 మెగావాట్ల సౌర విద్యుత్ పార్కు వచ్చింది. 2018 మార్చి 1న ప్రారంభించారు. ఏళ్ల తరబడి వాన పట్టని, బోర్లు ఎండిన నేల అది. ప్రభుత్వం ఆ భూమిని కొనలేదు, రైతుల నుంచి కౌలుకు తీసుకుంది. మొదట ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయలు. అందుకు భూమి ఉన్న ప్రతి రైతు సంతకం కావలసి వచ్చింది. అది సమ్మతమే. కానీ ఆ చేలల్లో కలుపు తీసి, కాయ ఒలిచి బతికినవాళ్లకు సర్వే నంబరు లేదు, కౌలు లేదు. సంతకం పెట్టవలసిన చోట వాళ్ల పేరు లేదు. ఎవరిని అడగాలన్న జాబితా ఎట్లా తయారైందన్నదే సమ్మతంలో మొదటి సంగతి. అభిప్రాయ సేకరణలో కూడా మొదటి సంగతి అదే.

అమెరికాలో 1936లో 'లిటరరీ డైజెస్ట్' అనే పత్రిక దాదాపు కోటి మందికి ఓటు కార్డులు పంపింది. ఇరవై లక్షలకు పైగా తిరిగి వచ్చాయి. అధ్యక్ష ఎన్నికల్లో రూజ్‌వెల్ట్ ఓడిపోతాడని పత్రిక చెప్పింది. ఆయన భారీగా గెలిచాడు. చిరునామాలు టెలిఫోన్ పుస్తకాల నుంచి, కార్ల రిజిస్టర్ల నుంచి తీసుకున్నారు. ఫోను, కారు లేనివాళ్ల మతం ఆ సంచుల్లోకి రాలేదు. అంతకన్నా ఎంతో తక్కువ మందిని, కానీ చూసి ఎంచుకొని అడిగిన జార్జ్ గాలప్ ఫలితం సరిగా చెప్పాడు.

కొద్దిమందిని అడిగి అందరి మాట తెలుసుకోవడానికి మన శాస్త్రాల్లో ఒక న్యాయం ఉంది, స్థాలీపులాక న్యాయం. కుండలో అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలు. సర్వే శాస్త్రమంతా ఆ మెతుకు మీదే నిలబడి ఉంది. అయితే మా ఇళ్లలో అన్నం ఈమధ్యది. అంతకుముందు రాగి సంగటే. సంగటి చేసే ఆడవాళ్లను అడగండి, ఈ న్యాయానికి హద్దు ఎక్కడో చెబుతారు. ఎసట్లో పిండి పోసినాక కుండను కాళ్లతో అదిమి పట్టి, కట్టె తెడ్డుతో అడుగు నుంచి గెలకాలి. చేయి నొప్పెట్టేదాకా గెలకాలి. గెలకకుండా పైన చిటికెడు తీసి చూస్తే మెత్తగానే ఉంటుంది, లోపల పిండి ఉండలు అట్లే ఉంటాయి. అన్నం ఉడుకుతూ తనకు తానే కలుస్తుంది. సంగటి కలవదు, కలపాలి. మన సమాజం సంగటి లాంటిది. కులం ఒక ఉండ, పేట ఒక ఉండ, వలసపోయినవాళ్లు ఒక ఉండ. మా ఊళ్ల నుంచి బెంగళూరుకు కూలికి పోయినవాళ్ల ఇళ్లకు తాళం ఉంటుంది. సర్వేకు వచ్చినవాడు తాళం చూసి పక్కింటికి పోతే ఆ ఉండ అట్లే మిగిలిపోతుంది. ఢిల్లీలోని సీఎస్‌డీఎస్ సంస్థకు చెందిన లోక్‌నీతి వంటి వాళ్లు ఓటర్ల జాబితా నుంచి ముందే పేర్లు ఏరి, ఆ పేరున్న మనిషి ఇంటికే పోయి అడిగే పద్ధతిని పట్టుకొని ఉండడం ఇందుకే. బజారులో దొరికినవాడిని అడగడం పైన చిటికెడు తీయడమే.

ఇక అడిగే మాట. కొన్నేళ్ల కిందట ఎన్నికల ముందు మా ఇంటి వీధికి ఒక అబ్బాయి వచ్చాడు. చేతిలో టాబ్, మెడలో గుర్తింపు కార్డు. అరుగు మీద మా పెద్దమ్మ చింతకాయ కొడుతూ కూర్చుంది. అతను కన్నడంలో అడిగాడు, మర్యాదగానే అడిగాడు. సర్కారు పని ఎట్లుంది, ఎవరు గెలిస్తే బాగుంటుంది, దేశం సరైన దారిలో పోతున్నదా. ప్రతిదానికీ ఆమె "గొత్తిల్లప్పా" అంది, తెలియదని. ఐదు నిమిషాల్లో అయిపోయింది. అతను వీధి మలుపు తిరిగినాడో లేదో ఆమె నా వైపు తిరిగింది. బోరునీళ్లలో ఫ్లోరైడ్‌తో పిల్లల పళ్లు పచ్చబడినాయనీ, తాగే నీళ్లు ఇంకా కొనుక్కోవలసి వస్తున్నదనీ, ఫలానాయన గెలిచినాక మొగం చూపలేదనీ, అయినా ఈసారి ఇంకొకాయనకు వేస్తే ఆయన చేస్తాడని నమ్మకం లేదనీ అరగంట చెప్పింది. కన్నడం ఆమెకు బాగా వచ్చు. సంతలో బేరమాడేంత వచ్చు, ఆఫీసులో అర్జీ పెట్టేంత వచ్చు. కానీ అనుకోవడం ఆమె తెలుగులో చేస్తుంది. ఆ టాబ్‌లో ఆమె 'అభిప్రాయం లేదు' అన్న గడిలో పడింది.

ఆమెతో నేను "నీ అభిప్రాయమేమి" అని ఎప్పుడూ అనలేదు. ఇళ్లలో ఆ మాట లేదు. "నీకేమనిపిస్తాది?" అంటాం. ఆ క్రియను కొంచెం విప్పి చూడండి. 'అను' అంటే పలకడం. 'అనిపించు' అంటే పలికించడం. నాకు అనిపిస్తుంది అంటే లోపల ఏదో నాచేత ఆ మాట పలికిస్తున్నదని. కన్నడంలో కూడా అంతే: 'అన్ను' పలకడం, 'అనిసు' తోచడం. రెండు భాషలూ ఒకే తల్లి దగ్గర నేర్చుకున్న నుడికారం ఇది. ఇందులో మనిషి కర్త కాడు. 'నాకు' అని చతుర్థిలో ఉంటాడు, అభిప్రాయం అతని దగ్గరికి వస్తుంది. వచ్చేదాకా కాస్త వేళ పడుతుంది. చింతకాయ కొడుతూ, ఎదుటిమనిషి ముఖం చూస్తూ, ఒక మాట అని దాన్ని సవరించుకుంటూ ఉంటే వస్తుంది. "ఏమో" అన్నది ఆ దారిలో మొదటి మెట్టు. ఏమి అన్న ప్రశ్నకు సందేహపు 'ఓ' చేరిన మాట అది. తెలియదని కాదు, ఇంకా వెతుకుతున్నానని. చదువు తక్కువైన ఆడవాళ్ల నుంచి సర్వేల్లో 'తెలియదు' ఎక్కువగా వస్తుందని ఈ పని చేసేవాళ్లందరికీ తెలుసు. అందులో ఎంత భాగం తెలియకపోవడం, ఎంత భాగం 'ఏమో' అన్న తర్వాత ఎవరూ ఆగకపోవడం?

ప్యూ రీసెర్చ్ సెంటర్ అనే అమెరికా సంస్థ 2019 చివర, 2020 మొదట్లో మన దేశంలో మతం గురించి పెద్ద సర్వే చేసింది. 29,999 మందిని 17 భాషల్లో ముఖాముఖి అడిగారు. 2021 జూన్‌లో ఫలితాలు వచ్చాయి. అన్ని మతాలనూ గౌరవించడం నిజమైన భారతీయుడికి చాలా ముఖ్యమని 84 శాతం చెప్పారు. అదే సర్వేలో, తమ మతంలోని ఆడవాళ్లు వేరే మతంవాళ్లను పెళ్లి చేసుకోకుండా ఆపడం చాలా ముఖ్యమని హిందువుల్లో మూడింట రెండు వంతుల మంది చెప్పారు. ఇవి ఒకదానికొకటి ఎట్లా పొసగుతాయని చాలామంది ఆశ్చర్యపోయారు. గౌరవం అన్న మన మాట తెలిసినవాళ్లకు అంత ఆశ్చర్యం ఉండదు. గౌరవం 'గురు' నుంచి వచ్చింది, బరువు అని అర్థం. బరువైనదానికి దారి ఇస్తాం, పక్కకు జరిగి నిలబడతాం. పావగడ పేరు చెబితే చుట్టుపక్కల జిల్లాలవాళ్లకు మొదట గుర్తొచ్చేది శనిమహాత్మ గుడి. శనివారం ఆంధ్ర నుంచి కూడా జనం వస్తారు, నువ్వుల నూనె దీపం పెడతారు. ఆ దేవుడికి ఎంత భక్తిగా మొక్కుతారో, ఆయన చూపుకు ఎదురుగా నిలబడడానికి అంత జంకుతారు. అదీ గౌరవమే. కాబట్టి గౌరవిస్తున్నాం అన్న జవాబులో కలిసి ఉంటాం అన్న అర్థం ఉందో, దూరంగా ఉంటాం అన్న అర్థం ఉందో అంకె చెప్పదు. ఇంకొక ప్రశ్న అడిగితేనే తెలుస్తుంది. ఆ సర్వే అడిగింది, అందుకే అది విలువైనది. ఆ దూరం మంచిదని నేననను. అది ఉందని ఒప్పుకోవడం మొదటి పని.

మతదాన అన్న మాటలో దానం ఉంది. ఇచ్చినది తిరిగి అడగరాదు, ఇచ్చినందుకు పుచ్చుకోరాదు. నోటు తీసుకొని వేసిన ఓటును ఏమైనా అనవచ్చు గాని దానం అనలేం. ఇది గుప్తదానం కూడా. చట్టం ఓటు రహస్యాన్ని కాపాడుతుంది. అన్ని విడతల పోలింగ్ ముగిసేదాకా ఎగ్జిట్ పోల్ ఫలితాలు చెప్పకూడదని ప్రజాప్రాతినిధ్య చట్టంలో 126ఎ సెక్షన్ ఉంది. మతగట్టె బయట నిలబడి ఎవరికి వేశావని అడిగేవాళ్లు ఒక మనిషి గుప్తదానాన్ని చెప్పమంటున్నారు. చెప్పేవాడు దయతో చెబుతున్నాడు. చెప్పకపోవడం, మార్చి చెప్పడం అతని హక్కు. 2024 లోక్‌సభ ఎన్నికల్లో చాలా ఎగ్జిట్ పోల్స్ బీజేపీ కూటమికి 350కి పైగా సీట్లు చెప్పాయి, వచ్చినవి 293. తప్పు లెక్కలో ఉండవచ్చు. కానీ లెక్క వేయడానికి ముందు, ఇతని కులం ఇది, మతం ఇది, కాబట్టి ఓటు ఇటే అని ముందే గీసుకునే అలవాటులోనూ ఉండవచ్చు.

అసలు కీడు అక్కడే ఉందని నా నమ్మకం. మతం అన్న మాటలోని రెండు అర్థాలలో ఒకదాన్ని చూసి ఇంకొకటి చదివేయడం. పుట్టుక గడి చూసి ఆలోచన గడి నింపేయడం. కర్ణాటకలో 2023 మేలో కాంగ్రెస్‌కు 224లో 135 స్థానాలు ఇచ్చిన జనమే, ఏడాది తర్వాత లోక్‌సభకు 28లో 19 స్థానాలు బీజేపీ, జేడీఎస్ కూటమికి ఇచ్చారు. కులాలు మారలేదు, గుళ్లు మారలేదు, పేర్లు మారలేదు. ప్రశ్న మారింది, అప్పుడు అనుకున్నది మారింది. పాణిని చెప్పిన వర్తమాన కాలం అంటే ఇదే.

మతగట్టెలోని 'గట్టె' కట్ట నుంచి వచ్చింది. రావిచెట్టు చుట్టూ కట్టిన కట్ట, ఊరు సాయంత్రం వచ్చి కూర్చునే చోటు. ఆ మాట పెట్టినవాళ్లు తెలిసి పెట్టారో తెలియక పెట్టారో, అనుకున్నది చెప్పుకునే కట్ట అని పెట్టారు. ఓటైనా, సర్వే అయినా ఆ కట్ట మర్యాదను నిలబెట్టాలి.

కాబట్టి మా తాలూకాకు ప్రశ్నలు పట్టుకొని వచ్చేవాళ్లకు ఒక విన్నపం. కన్నడంతో పాటు తెలుగులోనూ ప్రశ్నలు రాసుకొని రండి, ఏ భాషలో అడగాలో మమ్మల్నే అడగండి. తాళం వేసిన ఇంటికి మళ్లీ ఒకసారి రండి. ఇంట్లో ఆడవాళ్లను మగవాళ్ల ఎదుట కాకుండా విడిగా అడగండి. పుట్టుక గురించిన ప్రశ్న చివర పెట్టుకోండి. మా పెద్దమ్మ "ఏమో" అంటే అరుగు మీద కాసేపు కూర్చోండి. ఆమెకు మతం ఉంది, ఆమె అడగనిస్తుంది, చెబుతుంది.